విజయనగరంలో చూసిన రెండు పసుపు గీతలు

1968 జూన్‌లో మేము ముగ్గురం విజయనగరం బయలుదేరింది నేను డిగ్రీ ఎక్కడ చదవాలో తేల్చుకోవడానికి. నేను, నాన్న, మా అమ్మ తమ్ముడు సత్యం మావయ్య. మాది రాజాం పక్కన వరి పండించే కుటుంబం. శ్రీకాకుళంలో పి.యు.సి. మంచి మార్కులతో పాసయ్యాను. ఫిజిక్సే చదువుతానని పట్టుబట్టాను. రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే మావయ్య, తెలిసిన పెద్దమనుషుల చేత చెప్పించి, రాజస్థాన్‌లో బాగా పేరున్న ఒక ఆడపిల్లల ప్రైవేటు విశ్వవిద్యాలయం వాళ్ళతో ఇంటర్వ్యూ కుదిర్చాడు. వాళ్ళ ప్రతినిధి విజయనగరం వస్తున్నాడు. అక్కడి ప్రభుత్వ కాలేజీలో నాకు అప్పటికే సీటు వచ్చి ఉంది. ఎలాగూ వెళుతున్నాం కనక దాన్ని కూడా చూసొద్దామన్నాడు నాన్న.

తెల్లవారుతూనే రాజాంలో చీపురుపల్లి బస్సెక్కాం. ఈ దారిన వెళ్ళేవారు ముందు సీట్లు పట్టుకోవడం మేలు, వెనక కూర్చుంటే గతుకులకు నడుం నిలవదు. తొలకరి పడింది. నారు పోయడానికి ఆకుమడులు దున్నుతున్నారు. దారి పొడుగునా ప్రతి మడినీ నాన్న తన సొంతమైనట్టు పరికించి చూశాడు.

చీపురుపల్లిలో పాసింజరు బండి గంటకు పైగా ఆలస్యం. అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం, ఆవకాయ ప్లాట్‌ఫారం మీదే తినేశాం. బండిలో పలాస వైపు నుంచి ఎండుచేపల గంపతో వస్తున్న ఒక పెద్దావిడ జరిగి నాకు చోటిచ్చింది. మావయ్య ఉండబట్టలేక ఇంటర్వ్యూ సంగతి చెప్పాడు. రాజస్థాన్ ఎంత దూరమని ఆవిడ అడిగింది. రైళ్ళు మారుతూ రోజుల తరబడి వెళ్ళాలని చెప్పాడు.

"అంత దూరం నుంచి పిల్లని తీసుకెల్తన్నారంటే, ఆల్లకి ఆడపిల్లలు లేరేటి?" అందావిడ.

పెట్టెలో అందరూ నవ్వారు, మావయ్య తప్ప.

విజయనగరంలో స్టేషను దగ్గరి సత్రంలో సామాను పెట్టి, పక్కనే హోటల్లో భోంచేశాం. చారు చాలా బాగుంది, నాన్న రెండుసార్లు వేయించుకున్నాడు. తర్వాత జట్కా మాట్లాడుకుని ఇంటర్వ్యూ జరిగే బంగళాకు వెళ్ళాం. ప్రతినిధి నడివయసు మనిషి, మర్యాదస్తుడు. ఇంగ్లీషులో అడిగినవాటికి తడబడుతూనే జవాబులు చెప్పాను. ఆయన ఫొటోలు చూపించాడు. తెల్లటి మేడలు, పచ్చిక, గుర్రాలెక్కిన అమ్మాయిలు, ఎవరి పరికరం వారికే ఉన్న లేబరేటరీ. అబద్ధమెందుకు, నా మనసు అక్కడికి వెళ్ళిపోయింది. సీటు ఇస్తామని, మర్నాడు మధ్యాహ్నంలోగా మాట చెప్పమని అన్నాడు. వచ్చే దారిలో మావయ్య జట్కా ఆపించి మిఠాయి కొన్నాడు.

మర్నాడు ఇడ్లీలు తిని, నడిచే కాలేజీకి వెళ్ళాం. పాత కట్టడం, ఎత్తైన గుమ్మాలు. ఫిజిక్సు విభాగంలో మమ్మల్ని పలకరించిన లెక్చరర్ ఒకావిడ, నరసన్నపేట వైపు మనిషి. తమ దగ్గరున్న పరికరాలు పాతవని, ఒక్కోదానికి నలుగురు విద్యార్థులని దాచకుండా చెప్పారు. నేను అడగకుండానే చీకటి గదిలోకి తీసుకెళ్ళి సోడియం దీపం వెలిగించి, వెలుగును గీతలుగా విడదీసి చూపించే స్పెక్ట్రోమీటరు ముందు కూర్చోబెట్టారు.

"తొందరపడకు. నెమ్మదిగా సూడు. ఒక్క గీతలా కనిపిస్తాది గాని, రెండున్నాయి."

మొదట ఒకటే కనిపించింది. కాసేపటికి ఆ పసుపు గీత రెండుగా విడిపోయింది. పుస్తకంలో చదివిందే, కానీ కంటితో చూడడం అదే మొదలు. మా అమ్మ వంటింట్లో మాట్లాడే మాటలతో ఫిజిక్సు చెప్పవచ్చని కూడా అప్పుడే తెలిసింది. ఆ ఏడు ఆ క్లాసులో ఇంకా ఒక్క అమ్మాయి కూడా చేరలేదట.

"ఇప్పుడు ఒక్కదానివే అవుతావు. నువ్వు నిలబడితే ఎనకాల ఇంకో నలుగురొస్తారు," అన్నారావిడ.

బయటికి రాగానే ఇక్కడే చేరతానన్నాను. మావయ్య మొహం ఎర్రబడింది. నా కోసం ఎన్ని గుమ్మాలెక్కాడో నాకు తెలుసు. తిట్టలేదు. "బయపడతన్నావేటే?" అని మాత్రం అడిగాడు.

"బయమే అయితే అక్కడికే ఎల్లాలి మావయ్యా. అక్కడ అందరూ ఆడపిల్లలే. ఇక్కడ నేనొక్కదాన్నే."

మావయ్య నాన్న వైపు చూశాడు. "సదివేది అది. దాని మాటే," అన్నాడు నాన్న.

బంగళాకు వెళ్ళి, ఈసారి తడబడకుండా, ఆ సంగతి నేనే ఇంగ్లీషులో చెప్పాను. ప్రతినిధి లేచి నిలబడి, బాగా చదువుకోమని దీవించాడు.

సాయంత్రం పాసింజరులో తిరిగి బయలుదేరాం. నెల్లిమర్ల దాకా మావయ్య కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఎక్కిన ఒకాయన ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు. మావయ్య గొంతు సవరించుకున్నాడు. "మా మేనకోడలండి. రాజస్థాన్ యూనివర్సిటీ వోల్లు రమ్మంటే, మాకు ఇక్కడే బాగున్నాదని ఇంగ్లీసులో సెప్పీసొచ్చినాది."

తర్వాతి కాలంలో చాలా దూరాలు తిరిగాను గాని, ఆ బండిలో కూర్చున్నంత నిటారుగా మరెక్కడా కూర్చోలేదు. గరివిడిలో ఇంకొకరు ఎక్కారు. మావయ్య కథ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి నన్ను బతిమాలడానికి వైస్ ఛాన్సలర్ కూడా విజయనగరం వచ్చాడు. నాన్న సరిదిద్దలేదు. నేనూ సరిదిద్దలేదు.