హారతి పేరన నడిచిన లెక్కలు

నరహరి ఎనిమిది మగ్గాల మనిషి. వలస నేతగాళ్ల పేట లింబాయత్ సందుల్లో ఆ మాటంటే చాలు, పొద్దున ఏడింటికి షెడ్డులో అడుగుపెట్టినవాడు మళ్లీ ఏడుదాకా బయటి లోకం చూడడని అందరికీ తెలుసు. ఆ షెడ్డుకో ధర్మం ఉంది. ఎవడైనా పనిబడి బయటికి పోతే వాడి మగ్గాలు ఆగకూడదు. పక్కవాడు నడపాలి, నేసిన గుడ్డ మాత్రం పోయినవాడి పేరనే రాయాలి. పద్దెనిమిదేళ్లలో నరహరి అలా ఎందరి మగ్గాలు నడిపాడో. ఆ మంచితనమే కొంప ముంచింది.

అతని కూతురు హారతి తెలుగు బడిలో ఆరో తరగతి. లెక్కల సారు మార్కండేయ పిల్లలందరి చేత ఫోన్లలో ఒక లెక్కల యాప్ పెట్టించాడు. వీడియో చూసి, పది లెక్కలు చేస్తే రోజుకో నక్షత్రం. రెండు నెలలు ఒక్కరోజూ తప్పకుండా నక్షత్రం తెచ్చుకున్న పిల్లల్లో ముందున్న అయిదుగురికి ఆదివారాలు తానే కూర్చుని స్కాలర్‌షిప్ పరీక్షకు చదివిస్తానన్నాడు. ట్యూషన్ పెట్టించలేని ఇంటికి అంతకంటే ఏం కావాలి? కానీ గడువు సాయంత్రం ఆరుదాకానే. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అదీ నరహరి జేబులో షెడ్డుకు పోతుంది.

మొదటిరోజే నరహరికి ఉపాయం తట్టింది. అన్నం డబ్బా ముందు పెట్టుకుని కూతురి లెక్కలు తనే చేశాడు. తనూ ఏడో తరగతిదాకా చదివినవాడే. రానివి నాలుగు జవాబుల్లో ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ పోతే ఒప్పు ఎక్కడో తగిలేది. ఒప్పులు పడేకొద్దీ యాప్ పై తరగతుల లెక్కలు ఇస్తూ పోయేది. వేలు ఎవరిదో ఫోనుకేం తెలుసు? బిడ్డ మగ్గం ఆగలేదని మురిసిపోయాడు, పిచ్చి తండ్రి.

షెడ్డుకు సెలవునాడు ఫోను తెరిచిన హారతి బిక్కమొహం వేసింది. "బాపూ, ఇది మస్తు ముంగటికి పోయింది. నాకు సమజైతలేదు."

"నడువనీ బిడ్డా. ఆగొద్దు, గంతే. నువ్వు మెల్లగ అందుకుంటవ్."

రెండు నెలలు నిండేసరికి జాబితాలో మొదటి పేరు హారతిదే. తల్లి పద్మారాణి వాడకట్టంతా చక్కెర పంచింది.

మొదటి ఆదివారమే సారు కబురు పెట్టాడు. నరహరి పోయేసరికి హారతి నల్లబల్ల ముందు నిలబడి ఉంది. మూడింట ఒకటి, నాలుగింట ఒకటి కలపమంటే ఏడింట రెండని రాసింది.

"ఎనిమిదో తరగతి లెక్కలు దాటిన పిల్లకు గిది రాకపోవుడేంది? యాప్‌ల ఎవరు చేసిన్రు?" అన్నాడు మార్కండేయ.

హారతి తండ్రివైపు చూడలేదు. "నేనే సార్. అందాజగ నొక్కిన."

నరహరికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "కాదు సార్, నేను చేసిన. పిల్ల తప్పేం లేదు. మళ్ల మొదటికెళ్లి నేర్పున్రి."

సారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పరీక్ష ఆరు వారాలే ఉన్నదన్నా. పిల్లకు ఏడ చిక్కువడ్డదో ఆ యాప్‌ల చూసి పట్టుకుందామనుకున్న. అండ్ల అన్నీ నీ ఒప్పులే ఉన్నయ్. ఈసారికి ఈ జాగ ఇంకో పిల్లకు ఇస్త. ఏమనుకోకు."

గుడ్డలో తప్పు పడితే మగ్గం ఆపి, వెనక్కి విప్పి, తెగిన పోగు ముడేసుకోవడం నరహరికి కళ్లు మూసుకున్నా వచ్చు. ఇక్కడ ఎక్కడిదాకా విప్పాలో సారుకే తెలియలేదు.

ఇంటిదారిలో హారతి అడిగింది. "బాపూ, ఆ లెక్కకు జవాబెంత?"

"పన్నెండింట ఏడు," ఠక్కున చెప్పాడు నరహరి.

"ఎట్లొచ్చింది?"

నరహరి అరచేతిలో వేలితో కింద పన్నెండు రాసి, పైన ఏడు వేశాడు. చెయ్యడమే తప్ప చెప్పడం అతను ఎన్నడూ ఎరగడు. కూతురు అతని మొహంలోకి చూస్తూ నడుస్తూనే ఉంది.