కేన్సిలైనా కోపం రాని పేరు

ఆయన పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో ఓడల రాకపోకలు మైకులో చెప్పి రిటైరయిన మనిషి. మైకు పోయినా అలవాటు పోలేదు. ఏం చెప్పాలన్నా కుడి గుప్పిట మైకులా నోటి దగ్గర పెట్టుకునేవారు.

పాత కంప్యూటర్ల కోసం మేం పదిమందిమి కలిసి తయారుచేసిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందరికంటే ముందు వాడిందీ, అందరికంటే ఎక్కువ తిట్టిందీ ఆయనే. దాని పేరు ఇంకెవరో ముందే పెట్టుకున్నారని తేలడంతో, కొత్త పేరు కోసం డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక జిరాక్స్ షాపులో కూర్చున్నాం. సాగరతేజం మొదలుకొని ముప్పై పేర్లొచ్చాయి. ఎవరూ తగ్గలేదు. సగంమంది విడిపోతామని లేచారు కూడా.

అప్పుడాయన గుప్పిట ఎత్తారు. "కృపయా ధ్యాన్ దీజియే. సాగరతేజం ఈరోజు కేన్సిల్."

వినగానే మాకే ఒళ్లు మండింది.

"చూసేరా! ఓడొచ్చిందంటే ఏ పేరైనా బాగుంటాది భయ్యా. రాదని సెప్పినా జనానికి కోపం రాకూడదు. అదీ పేరంటే."

ఒక్కో పేరునూ అలాగే కేన్సిల్ చేసుకుంటూ పోయారు. నీలసింహం పోయింది, మహాద్వీపం పోయింది. చివరికి "కొబ్బరి కేన్సిల్" అనేసరికి, లేచినవాళ్లు కూడా నవ్వుతూ కూర్చున్నారు.

కొబ్బరి మొదటి విడుదలే రెండు నెలలు వెనకబడింది. వాడేవాళ్లకు ఆ సంగతి చెప్పాల్సిన పని నా మీద పడింది. ఏ సాకూ తోచక, "కొబ్బరి లేటు" అని గ్రూపులో రాశాను.

మొదటి జవాబు ఆయనదే. "పర్లేదు భయ్యా, జెట్టీలోనే కూచున్నాను."