ఏడో ట్యాంకులో చేదు వెయ్యనన్న నురగమ్మ

పనిచేసే చోట ఆమెను అందరూ నురగమ్మ అంటారు. వయసు యాభై నాలుగు సంవత్సరాలు. ఈ వివరాలు రాస్తున్నవారికి ఆమె ఇరవై మూడేళ్లుగా, అంటే ఆమె మరిది కారు షెడ్డులో మూడు పెద్ద గిన్నెలతో బీరు కాచడం మొదలుపెట్టడానికి నాలుగేళ్ల ముందు నుంచీ తెలుసు. తెలిసినది తెలిసినట్టుగా, ఎక్కువా తక్కువా లేకుండా, కింద వివరించడమైనది.

ఆ పేరు పెట్టినది మరిదే. షెడ్డులో కాచిన మొట్టమొదటి బీరు పులిసి, పొంగి, మూతను ఎగదన్నింది. మరిది కంగారుపడి స్టూలెక్కి నిలబడ్డాడు. కొత్తగా సాయానికి వచ్చిన వదిన మాత్రం చీర కుచ్చెళ్లు దోపుకుని, రెండు చేతులా నురగ తోడి బకెట్లలో పోసింది. పని అయ్యేసరికి కనుబొమల దాకా నురగే. బీరులో సగం నేలపాలు కాకుండా ఆ రోజు ఆమే కాపాడింది. అప్పటి నుంచి పందొమ్మిదేళ్లు ఆమె ఆ మరిది దగ్గరే బీరు కాచింది. షెడ్డు పోయి రేకుల కప్పు వేసిన కర్మాగారం వచ్చింది. గిన్నెలు పోయి మనిషికి రెండింతల ఎత్తున్న ట్యాంకులు వచ్చాయి. భర్త అదే కర్మాగారంలో వ్యాన్ నడుపుతాడు. ఆయన మాటలు ఆచితూచి వాడే మనిషి.

మొదట్లో వాళ్లు నాలుగు రకాల బీర్లు చేసేవారు. తొమ్మిదేళ్ల క్రితం మరిది ఐపీఏ అనే చేదు బీరు ఒకటి చేశాడు. హాప్స్ అనే పువ్వును ఎండబెట్టి పచ్చని గుళికలుగా చేసి అమ్ముతారు. బీరుకు చేదూ ఘాటైన వాసనా ఇచ్చేవి ఆ గుళికలే. మొదటి గ్లాసు నురగమ్మకూ నచ్చిందన్న సంగతి దాచవలసిన పని లేదు. రెండో ఏడూ నచ్చింది. ఊరి బార్లన్నీ అదే కావాలన్నాయి. క్రమంగా పాత నాలుగు రకాలూ మూలపడ్డాయి. ఆరు పెద్ద ట్యాంకుల్లోనూ చేదే నిండింది. నెలకొక కొత్త పేరు, సీసా మీద కొత్త బొమ్మ, గుళికలు మాత్రం కిందటి నెల కంటే ఒక సంచి ఎక్కువ.

"కిందటి నెల దానికీ దీనికీ తేడా ఏంటయ్యా?" అని ఒకరోజు ఆమె అడిగింది.

"అది నారింజ వాసన వదినా. ఇది అనాస వాసన."

"వాసన సంగతి సరే. రెండూ తాగినవాళ్లు మొహం ఒకేలా పెడుతున్నారు కదా."

మరిది నవ్వాడు. ఆమె నవ్వలేదు. అప్పటికే గుళికల వాసన ఆమె జుట్టులోకీ తలగడలోకీ చేరింది. రోజుకు పన్నెండు మార్లు రుచి చూడవలసిన నాలుక మొద్దుబారింది. ఒక పూట భర్త అన్నం కలుపుకుని, ఒక ముద్ద తిని, నెమ్మదిగా అన్నాడు: "ఉప్పు రెండుసార్లు పడినట్టుంది."

ఆమె కూర నోట్లో వేసుకుంది. ఒకసారి పడిందో రెండుసార్లు పడిందో తెలియలేదు. ఇంకో ముద్ద తిని చూసింది. అప్పుడూ తెలియలేదు. రుచి తెలియడమే తన వృత్తి అయిన మనిషికి అది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పనవసరం లేదు. ఆ రోజు నుంచి చేదు బీరు మీద ఆమెకు కలిగినది విసుగు కాదు, పంతం.

కర్మాగారంలో ఒక మూలగా ఏడో ట్యాంకు ఉండేది. చిన్నది. అందులో కాచినది అమ్మకానికి కాదు. బీరును పులియబెట్టే ఈస్ట్ బతికున్న పదార్థం. గాఢమైన చేదు బీరులో అది త్వరగా అలిసిపోతుంది. దాన్ని తిరిగి పెంచాలంటే, గుళికలు నామమాత్రంగా వేసిన తేలికపాటి బీరు ఒకటి కాచి, అందులో ఈస్ట్‌ను వదలాలి. అది తిని, పెరిగి, అడుగున చేరుతుంది. ఆ అడుగుది తీసి పెద్ద ట్యాంకుల్లో వేస్తారు. పైన తేరిన బీరును కాలవలోకి వదిలేయాలని నియమం.

కానీ ఆ కర్మాగారంలో మరో అలవాటు కూడా ఉంది. పని దిగేటప్పుడు పనివాళ్లు తమకు నచ్చిన ట్యాంకు నుంచి ఒక గ్లాసు పట్టుకోవచ్చు. ఆరేళ్లుగా ఒక్కరైనా పెద్ద ట్యాంకుల వైపు వెళ్లలేదు. సాయంత్రం అయిదయ్యేసరికి పదకొండు మందీ చేతులు కడుక్కుని ఏడో ట్యాంకు ముందు వరుస కట్టేవారు. కాల్చిన గోధుమ రొట్టె వాసన, నాలుక మీద పలచని తీపి, మింగాక ఏమీ మిగలకపోవడం, అంతే ఆ బీరు గుణం. దాన్ని కాచేది నురగమ్మ ఒక్కతే. ఆ గ్లాసు తాగినప్పుడు మాత్రమే తన నాలుక తిరిగి తన నోట్లోకి వచ్చినట్టుంటుందని ఆమె అనేది.

గడచిన వర్షాకాలంలో మరిది ఒక నిర్ణయానికి వచ్చాడు. పొడి ఈస్ట్ ప్యాకెట్లలో దొరుకుతున్నది కాబట్టి పెంచే అవసరం లేదు, కాబట్టి ఏడో ట్యాంకులోనూ చేదు బీరే పెట్టవచ్చు. అప్పుడు ఆ ట్యాంకులో నాలుగు రోజుల కిందట ఆమె కాచిన బీరుంది. దాన్నే చేదుగా మార్చేయమని పొడుగాయనకు గుళికల సంచి ఇచ్చి పంపాడు. ట్యాంకులు కడిగే పనివాణ్ని అందరూ పొడుగాయన అనే పిలుస్తారు.

నురగమ్మ ట్యాంకు నిచ్చెనకు వీపు ఆనించి నిలబడింది.

"అక్కా, జరుగు. నన్నెక్కమన్నారు," అన్నాడు పొడుగాయన.

"ఎక్కు నాయనా. నా భుజం మీద కాలేసి ఎక్కు."

పొడుగాయన సంచి కిందపెట్టి, దాని మీదే కూర్చున్నాడు. తక్కినవాళ్లు కూడా ఎక్కడి పని అక్కడ వదిలేసి వచ్చారు. చివరికి మరిది వచ్చాడు.

"వదినా, ఏంటిది చిన్నపిల్లలా? పక్కకి రా."

"రాను. ఆరింటిలో చేదు పోశావు, నోరు మెదపలేదు. ఇందులో పడనివ్వను. దీన్నిలాగే ఒక బార్లో ఒక్క కుళాయికి పెట్టి చూడు. ఎవరూ తాగకపోతే నేనే గుళికలు వేస్తాను."

"నవ్వుతారు వదినా. మనం బీరు చేస్తున్నామా, కుళాయి నీళ్లు సప్లై చేస్తున్నామా అంటారు. నోట్లో తన్నినట్టుంటేనే ఇప్పుడు బీరంటారు."

"మరి ప్రతి శనివారం నువ్వు ఇంటికి రెండు సీసాలు నింపుకెళ్తావే, ఏ ట్యాంకులోంచి?"

వెనకనుంచి ఎవరో దగ్గారు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"ఈస్ట్ ఎలా ఉందో చూడ్డానికి," అన్నాడు మరిది.

"ఇంటిల్లిపాదీ చూస్తారా ఈస్ట్‌ని? మొన్న మా తోడికోడలు మూడో సీసా అడిగింది."

ఈసారి నవ్వు ఆగలేదు. మరిది మొహం ఎర్రబడింది. కోపంలో కుండబద్దలు కొట్టినట్టు అనేశాడు: "అవును, నాకూ అదే ఇష్టం. అయితే ఏంటి? తాగేది వేరు, అమ్మేది వేరు."

మరిదికి నిజంగానే చేదు ఇష్టమని, ఇష్టం గుడ్డిది కాబట్టి ఓర్చుకోవాలని ఆమె ఇన్నాళ్లూ తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు ఆ ఒక్క మాటతో తెగిపోయింది.

"మనకి నచ్చనిది ఊరందరి చేతా తాగిస్తున్నామన్నమాట," అంది. "నాకు తెలీక ఇన్నేళ్లు చేశాను. ఇక తెలిసి చెయ్యను."

మర్నాడు ఆమెకు కాగితం అందింది. పనికి అడ్డుపడినందుకు పది రోజుల్లో లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పి, ఏడో ట్యాంకులో స్వయంగా గుళికలు వేయాలి. లేనిపక్షంలో ఉద్యోగం ఉండదు. ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త నోరు విప్పాడు.

"వాడు నా తమ్ముడు. నువ్వు నా భార్యవి. నేనెటు నిలబడను?"

"మీరెటూ నిలబడక్కర్లేదు. కూర్చుని వ్యాన్ నడపండి చాలు."

"క్షమాపణ రాస్తే పోయేదేముంది? నాలుగు ముక్కలు."

"రాయొచ్చు. గుళికలు వెయ్యాలిగా. చెయ్యి లేవదండీ."

ఆయన లేచాడు. పళ్లెం తనే కడిగి పెట్టాడు.

పదకొండో రోజు ఉదయం ఆమె ఏప్రాన్ మడిచి మరిది బల్ల మీద పెట్టింది. పనివాళ్లందరూ వింటుండగా ఒకే ఒక కోరిక కోరింది: ఏడో ట్యాంకు అడుగున ఉన్న ఈస్ట్ ఒక సీసాడు.

"పారబోసేదేగా. పట్టుకెళ్లు," అన్నాడు మరిది, ఆమె వైపు చూడకుండా. కాసేపాగి, "సీసా వేడినీళ్లతో కడిగావా?" అని కూడా అడిగాడు.

"ఆ పని నాకు నేర్పకయ్యా," అని ఆమె బయటికి నడిచింది.

మరుసటి వారం ఏడో ట్యాంకులోనూ చేదు పడింది. ఇప్పుడు పనివాళ్లు సాయంత్రం గ్లాసు ముట్టకుండానే ఇళ్లకు పోతున్నారని భర్త చెప్పాడు. ఆ ఈస్ట్ సీసా వాళ్లింటి ఫ్రిజ్‌లో, పాలగిన్నె పక్కన ఉంది.

సొంత ట్యాంకు లేనివారి కోసం బీరు తయారీదారుల సంఘం ఒక ఉమ్మడి కాచే గది నడుపుతున్నది. సభ్యులు వారానికి రెండు రోజులు అక్కడ కాచి, తమ పేరున అమ్ముకోవచ్చు. నురగమ్మ సభ్యత్వ దరఖాస్తు పట్టుకుని సంఘం కార్యాలయానికి వెళ్లింది. ఫారంలో 'కాచదలచిన రకం' అన్న చోట పదకొండు గడులు అచ్చువేసి ఉన్నాయి. చేదు, రెట్టింపు చేదు, మబ్బు చేదు, నల్ల చేదు, ఎర్ర చేదు, పండ్ల చేదు, ఇలా పదకొండూ చేదులే. ఆమె దేనిలోనూ గుర్తు పెట్టలేదు. వాటి కింద ఒక గీత గీసి, తన దస్తూరీతో 'తేలిక బీరు, చేదు లేనిది' అని రాసింది.

గుమాస్తా ఫారం తిరగేసి చూశాడు. "ఏదో ఒక గడిలో టిక్కు పెట్టండమ్మా."

"వీటిలో నాది లేదు బాబూ."

"అందరూ మొదటిదానిలో పెట్టేస్తారు. లోపల మీరేం కాచుకుంటారో ఎవరు చూడొచ్చారు?"

"కాగితం మీద ఒకటి, ట్యాంకులో ఒకటా? అలా చేసేవాళ్ల దగ్గర్నుంచే వచ్చాను."

"ఒక్క టిక్కమ్మా. పెన్ను నేనిస్తాను."

"పెన్ను నా దగ్గరుంది. మనసే లేదు."

గుమాస్తా తన విధి తాను నిర్వర్తించాడు. అతని తప్పు లేదు. ఫారం మీద 'అసంపూర్ణం' అని ముద్ర వేసి తిరిగి ఇచ్చాడు. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. బల్ల మీదే ఉంచి వచ్చింది. అది ఇప్పటికీ కార్యాలయంలోనే ఉన్నట్టు విచారణలో తెలిసింది.

కావున సంఘం కార్యవర్గానికి సవినయంగా విన్నవించుకొనేది ఏమనగా: సదరు దరఖాస్తు అసంపూర్ణం కాదు. ఆమె చేయదలచినది ఏమిటో అందులో స్పష్టంగా, ఆమె చేతి రాతతోనే ఉన్నది. అచ్చువేసిన పదకొండు రకాలలో అది లేకపోవడం ఫారంలోని లోపమే గాని దరఖాస్తుదారు లోపం కాదు. గడిలో గుర్తు పెట్టమని ఆమెను మరల కోరవద్దని, ఆమె రాసిన పన్నెండవ పంక్తిని ఉన్నది ఉన్నట్టుగా స్వీకరించి, ఉమ్మడి గదిలో వారానికి రెండు రోజులు కేటాయించవలసిందని ప్రార్థన. సీసాలోని ఈస్ట్ నెల రోజులకు మించి బలంగా ఉండదు. ఇప్పటికి పందొమ్మిది రోజులు గడిచినవి. కనుక రాబోయే సోమవారం నాటి సమావేశంలోనే ఈ విషయం చర్చకు తీసుకోవలసిందిగాను, అనుమతి నిరాకరించే పక్షంలో ఏ నియమం ప్రకారం నిరాకరిస్తున్నదీ లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగాను కోరడమైనది. ఆ జవాబు అందుకోవడానికి దరఖాస్తుదారు స్వయంగా హాజరవుతారు.