పీకల్లోతు మహారాజు

మొన్న శనివారం సాయంత్రం నయా రాయపూర్‌లో ఓ మహారాజు పీకల దాకా స్టేజీలో కూరుకుపోయాడు. కిరీటం పక్కకి ఒరిగిపోయింది. ఆ స్థితిలో కూడా మా మావయ్య వైపు కొరకొరా చూశాడు చూడండీ, అదీ రాజసం అంటే! ఈ కేసులో మొదటి ముద్దాయి మావయ్య. రెండో ముద్దాయి మా వదిన. అసలు ముద్దాయి పేరు మాత్రం మా రైల్వే కాలనీలో ఎవరూ పైకి అనడం లేదు. నన్ను చూడగానే టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు, అంతే. మీరూ నవ్వుదురు గాని, ముందు పూర్తిగా వినండి.

ముంబై నుంచి పేద్ద కంపెనీ ఒకటి దిగింది. నాటకం అంటే వాళ్ళకి కోపం. "నాటక్ నహీ, మ్యూజికల్!" అని సరిదిద్దుతారు. సరే, మ్యూజికల్. అందులో ఏముంటుందయ్యా అంటే, రాజు ఉంటాడు, పాటలు పాడతాడు, యుద్ధానికి వెళ్తాడు, చచ్చిపోతాడు. మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మావయ్య ట్రూపు ఏళ్ళ తరబడి చేస్తున్నది కూడా ఇదే. కాకపోతే మా రాజుకి అట్టముక్క కిరీటం, ఒక హార్మోనియం. వాళ్ళ రాజుకి ఎల్ఈడీ గోడ, టన్నుల కొద్దీ పొగ, స్టేజీలోంచి పైకీ కిందకీ తిరిగే లిఫ్టు, దానికి తోడు నడిచే ఏనుగు. పోస్టర్ల మీద ఏనుగుకి ఇచ్చిన బిల్డప్ హీరోకి కూడా ఇవ్వలేదు. ఆ ఏనుగు కాళ్ళు ఉర్లా ఇండస్ట్రియల్ ఏరియాలో మా ఆఫీసు పక్క షెడ్డులోనే వెల్డింగ్ చేశారు. నేను లంచ్ బాక్స్ తినేది ఆ కాళ్ళని చూస్తూనే. అందుకని నాకు పెద్దగా భక్తి కలగలేదు.

ఇంత గొప్ప షో ముందుగా రాయపూర్‌లో ఎందుకూ అంటారా? ప్రివ్యూ! అసలు షో మొదలుపెట్టేముందు జనాన్ని ఉత్తినే పిలిచి చూపిస్తారు. ఎక్కడ బెడిసికొడుతుందో చూసుకుని బాగుచేసుకుంటారు. ముంబైలో బెడిసికొడితే నలుగురికీ తెలుస్తుంది. రాయపూర్‌లో అయితే ఎవడికి తెలుస్తుంది? మా మీద వాళ్ళకి అంత గౌరవం!

ఇందులో మా వదిన కూడా ఉంది. వదినంటే అన్నయ్య పెళ్ళాం కాదు, మావయ్య కూతురు రమణి. నాకంటే ఏడాది పెద్ద. ఆవిణ్ణి ఏడిపించడం నాకు పుట్టుకతో వచ్చిన హక్కు. కోరస్‌కి లోకల్ అమ్మాయిల్ని తీసుకుంటే మా వదినా వెళ్ళింది. అడవి ఆడవాళ్ళ గుంపులో ఒకత్తె. అయితే ఆ గుంపులో ఒక్క మా వదినకే సొంతంగా రెండు లైన్లు ఇచ్చారు. రాజు చచ్చిపోయాక, చెయ్యి పట్టుకుని పాడే ఏడుపు పాట. పాట అవగానే చెయ్యి వదిలెయ్యాలి. రాజుగారు లిఫ్టులో హుందాగా భూమిలోకి వెళ్ళిపోతారు. ఆ రెండు లైన్లూ కుదిరితే వదిన కంపెనీతో పాటు ఊళ్ళన్నీ తిరుగుతుంది. కుదరకపోతే ఆ లైన్లు ముంబై అమ్మాయికిచ్చేస్తారు, వదిన మళ్ళీ స్కూల్లో పిల్లలకి ప్రేయర్ నేర్పుకోవాలి.

"స్వాతీ, నా తల్లివి కదూ," అంటూ పాసులు తెచ్చి చేతిలో పెట్టింది. "నాన్నని తీసుకురా. నాన్న ట్రూపు వాళ్ళని కూడా తీసుకురా. కానీ నోరు మూసుకుని కూర్చోవాలి. అదొక్కటే నాక్కావాల్సింది."

"మావయ్యనా? నోరు మూసుకునా? వదినా, పరిగెత్తే గూడ్సుని చేత్తో ఆపమను, ఆపుతాను."

మావయ్య రిటైర్డ్ గూడ్స్ గార్డు. వెనక బ్రేకు వ్యాన్‌లోంచి పిలిస్తే ముందు ఇంజన్లో డ్రైవర్ పలికేవాడని చెప్పుకుంటారు. వాకీటాకీ ఇవ్వడం డిపార్ట్‌మెంటు చేసిన దండగ ఖర్చట.

శనివారం అందరం వ్యాన్ ఎక్కాం. నయా రాయపూర్ రోడ్లు మీకు తెలుసుగా! విమానం దిగేటంత వెడల్పు, ఎదురొచ్చేది మాత్రం ఒక ఆవు. బోరు కొడుతోంది. సరిగ్గా అప్పుడు మావయ్య అడిగాడు.

"ఒలే గుంటా, ప్రివ్యూ అంటే ఏటే?"

బుద్ధున్న పిల్లయితే బుద్ధిగా చెప్పేది. నేను గొంతు సవరించుకున్నాను.

"అంటే మావయ్యా, జనానికి నచ్చిందో లేదో తెలుసుకోడానికి పెడతారన్నమాట. నచ్చితే నచ్చిందని అక్కడికక్కడే గట్టిగా చెప్పెయ్యాలి. మొహమాటపడ్డావనుకో, పాపం వాళ్ళు బాధపడతారు."

"అయితే వన్స్ మోర్ కొట్టొచ్చేటి?"

"కొట్టొచ్చేటి ఏంటి మావయ్యా! కొట్టాలి! పాసులిచ్చిందే దానికి!"

వ్యాన్ మొత్తం నవ్వింది. నా జోకుకి నవ్వారనుకుని మురిసిపోయాను. వాళ్ళు గొంతులు సిద్ధం చేసుకుంటున్నారని నాకేం తెలుసు?

మన నాటకాల సంగతి మీకు చెప్పాలా? పద్యం నచ్చితే హాలు "వన్స్ మోర్" అంటుంది. అనగానే కథ ఎక్కడున్నా ఆగాలి, పద్యం మళ్ళీ పాడాలి. చచ్చిపోయిన పాత్రయినా సరే, లేచి, పాడి, మళ్ళీ చావాలి. పాడకపోతే జనాన్ని అవమానించినట్టు. వదిన బుడిబుడి నడకల నాటి నుంచీ ఆ ట్రూపులో పిల్ల వేషాలు వేసింది. వన్స్ మోర్ వినపడితే ఆవిడకి పాట వచ్చేస్తుంది, మిరపకాయ ఘాటుకి తుమ్ము వచ్చినట్టు. ఇది తెలిసి కూడా మర్చిపోయిన తెలివైనదాన్ని నేనే.

షో మొదలైంది. ముందు పొగ వచ్చింది. తర్వాత ఇంకొంచెం పొగ వచ్చింది. పొగలోంచి రాజు వచ్చి, తను రాజునని చాలాసేపు పాడాడు. కిరీటం పెట్టుకున్నాడు కదా, మాకు ముందే తెలిసిపోయింది, అయినా పాడాడు. ఏనుగు వచ్చింది, ఎడమ కాలు కిర్రుమంది. ఆ కాలు నాకు బాగా పరిచయం. యుద్ధం జరిగింది. రాజు నేలకొరిగాడు. పడిపోయాక కూడా ఇంకో పాట పాడాడు. చివరికి, హమ్మయ్య, చచ్చాడు.

లైట్లు తగ్గాయి. వదిన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని రెండు లైన్లూ పాడింది. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా పక్కనుంచి,

"వన్స్... మోర్!"

హాలు అదిరింది. నా పక్క సీట్లో ఉన్న ఛత్తీస్‌గఢీ ఆవిడ గుండె పట్టుకుని "కా హోగే దీదీ?" అంది, ఏమైందని. ఏమైందో నేను చెప్పేలోపే మా వరుసంతా అందుకుంది. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

వదిన తల పైకెత్తింది. వద్దు వదినా, వద్దు...

పాడింది! మొదటి లైన్ నుంచి, శుభ్రంగా, మళ్ళీ!

మా హార్మోనియం మాస్టారైతే కనుసైగ చేస్తే చాలు, వెనక్కొచ్చేస్తాడు. ఇక్కడ మ్యూజిక్ కంప్యూటర్లోంచి వస్తుంది, ట్రాక్ అంటారు. దానికి సైగలు తెలీవు. దాని పాటికి అది తర్వాత సీన్‌లోకి వెళ్ళిపోయింది. ఇటు లిఫ్టు కదిలింది, రాజు దిగుతున్నాడు. వదిన చెయ్యి వదలడం లేదు. పాట అవలేదు కదా, ఎలా వదులుతుంది? రాజు కింద నుంచి లాగుతున్నాడు, వదిన పైనుంచి లాగుతోంది. ఎవరో కంగారుపడి లిఫ్టు ఆపేశారు. రాజుగారు పీకల దాకా దిగి అక్కడే ఆగిపోయారు, తల మాత్రం స్టేజీ మీద, పళ్ళెంలో పెట్టిన గుమ్మడికాయలాగా.

తర్వాత సీన్ ఏమిటనుకున్నారు? కొత్త రాజుగారి పట్టాభిషేకం! డప్పులు, డాన్సులు, పూలు. ఏనుగు కిర్రు కిర్రుమంటూ సూటిగా పాత రాజు తల మీదికి వస్తోంది. తొండం ఆయన ముక్కుకి తగిలేంత దగ్గరికొచ్చి ఆగింది. అప్పుడు మహారాజుగారి నోటి వెంట ఒక మాట వచ్చింది. స్క్రిప్టులో లేని మాట. మైకు ఆన్‌లోనే ఉంది.

మా వాళ్ళు చప్పట్లే చప్పట్లు. మావయ్య నా భుజం మీద ఒక్కటి చరిచాడు. "సూసావేటే? మన గుంట కోసం రాజు కూడా ఆగాడు! సంస్కారం ఉన్నోడు."

లైట్లన్నీ వెలిగాయి. మెడలో హెడ్‌ఫోన్స్ వేసుకుని డైరెక్టర్ మేడం స్టేజీ మీదికొచ్చింది. "కిస్నే చిల్లాయా?" అరిచిందెవరని అడిగింది, చాలా మెల్లగా. ఆ మెల్లగా అడగడం చూసే నేను సీట్లో కిందికి జారాను.

మావయ్య లేచాడు. సన్మానానికి పిలిచినట్టు కండువా సర్దుకుని నమస్కారం పెట్టాడు. "మై, మేడంజీ. బచ్చీ బహుత్ అచ్ఛా గాయీ." అరిచింది నేనే, పిల్ల చాలా బాగా పాడిందని. ఇక్కడితో ఆగొచ్చుగా? ఆగలేదు. "ప్రివ్యూ మే చిల్లానా పడ్తా హై. హమారీ భాంజీ నే బతాయా."

భాంజీ అంటే మేనకోడలు. ప్రివ్యూలో అరిచి తీరాలని చెప్పింది ఆ మేనకోడలేనట. మావయ్య వేలు నా వైపే ఉంది. హాలు మొత్తం నా వైపు తిరిగింది. నేనూ ఎవరబ్బా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది.

మేడం వదిన వైపు తిరిగింది. "నువ్వెందుకు మళ్ళీ పాడావు?"

"వన్స్ మోర్ అన్నారు కదా మేడం..." అంది వదిన, ఇంకేం చేస్తారన్నట్టు.

మేడం కళ్ళు మూసుకుంది. తర్వాత హిందీలో ఆవిడ చెప్పిన దాని సారాంశం ఇదీ: హాలు మాట వినే అమ్మాయి నాకొద్దు, ట్రాక్ మాట వినే అమ్మాయి కావాలి. రేపు ఇంకో ప్రివ్యూ ఉంది, అదే ఆఖరి ఛాన్సు. రేపు ట్రాక్ తప్పితే ఆ లైన్లు ముంబై అమ్మాయివి.

వెనక్కొచ్చేటప్పుడు వ్యాన్లో వదిన నా పక్కనే కూర్చుంది. ఈసారి రోడ్డు మీద ఆవు కూడా ఎదురు రాలేదు.

"వదినా, తప్పంతా నాదే," అన్నాను.

"తెలుసు."

"కాస్త కాదనొచ్చు కదా, మర్యాదకైనా."

వదిన నవ్వలేదు. కళ్ళలో నీళ్ళున్నాయి. వదిన్ని ఇన్నేళ్ళుగా ఏడిపిస్తున్నాను గానీ, నిజంగా ఏడుస్తుంటే చూడ్డం నావల్ల కాలేదు. "రేపు నాన్న పక్కన నువ్వే కూర్చుంటున్నావు," అంది. "నాన్న నోరు తెరిస్తే నువ్వు ముయ్యాలి. ఎలా మూస్తావో నాకు తెలీదు."

"అసలు మావయ్యని తీసుకురాకపోతే?"

"నా కూతురి ఆఖరి ఛాన్సుకి నేన్రానా?" అని వెనక సీట్లోంచి గార్డు గొంతు వినపడింది. డ్రైవర్ బ్రేకు వేసేశాడు.

ఆదివారం ఇద్దరమే వెళ్ళాం, ఈసారి ముందు వరుసలో సీట్లు. బస్టాండులో పళ్ళు అంటుకుపోయే రకం వేరుశనగ చిక్కీ కొని బ్యాగులో వేసుకున్నాను, ఆయుధంగా. హాల్లో రాజు పడిపోగానే దాన్ని బయటికి తీస్తే, మావయ్య దాని వంక అసహ్యంగా చూసి, "నాకు తెల్దేటే? పిల్ల బతుకు," అంటూ కండువా ఉండ చుట్టి తన నోట్లో తనే కుక్కుకున్నాడు. అయినా నేను నమ్మలేదు. డ్యూటీ డ్యూటీయే. నా అరచెయ్యి మావయ్య నోటికి జానెడు దూరంలో సిద్ధంగా పెట్టుకుని, కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తున్నాను.

వదిన పాట ఎత్తుకుంది. మావయ్య కళ్ళలోంచి ధారలు. నోట్లో కండువా. ఇంజన్ దాకా వినపడే ఆ గొంతు లోపలే గుటకలు వేస్తోంది. ఏమిటంత ఏడుపు అని నేను స్టేజీ వైపు తిరిగాను. మొదటి రోజు మావయ్య అరుపు గొడవలో పాట నా బుర్రకెక్కనే లేదు. అది పాడుతోంది మా వదినేనా? నేను రోజూ ప్యాసింజరు రైలు కూత అని వెక్కిరించే ఆ గొంతేనా? రెండో లైన్లో ఒక చోట గొంతు సన్నగా, పైపైకి, ఇంక తెగిపోతుందేమో అన్నంత పైకి వెళ్ళింది. నా ఒళ్ళు ఝల్లుమంది.

"వన్స్ మోర్!"

ఠక్కున మావయ్య నోరు మూసేశాను. గట్టిగా, రెండు చేతులతో.

మావయ్య నోరు అప్పటికే మూసుకుని ఉంది. కండువాతో సహా. గుడ్లు మాత్రం ఇంతింత చేసుకుని నన్నే చూస్తున్నాడు. అరిచింది ఆడగొంతు అని నాకప్పుడు తట్టింది. మా వరుసలో ఉన్న ఆడగొంతు ఒక్కటే.

స్టేజీ మీద వదిన కనురెప్ప ఒక్కసారి కొట్టుకుంది. అంతే. లైను పూర్తి చేసింది, ట్రాక్‌తో పాటే ఆగింది, రాజు చెయ్యి వదిలేసింది. మహారాజు చల్లగా భూమిలోకి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ శవం మొహంలో చిన్న నవ్వు కూడా కనిపించింది. నాకు మిగతాది చూసే అదృష్టం లేదు. టార్చి పట్టుకుని ఒకాయన వచ్చి, "దీదీ, బాహర్ చలియే," అని నన్ను మర్యాదగా, మోచెయ్యి పట్టుకుని, బయట మెట్ల మీద దిగబెట్టాడు. అక్కడ కూర్చుని పట్టాభిషేకం డప్పులు గోడలోంచి వింటూ చిక్కీ తిన్నాను. పళ్ళు అంటుకుపోయాయి. కాస్త ముందు తినాల్సింది.

షో అయ్యాక వదిన మేకప్ కూడా తుడుచుకోకుండా పరిగెత్తుకుంటూ వచ్చి నా మీద పడింది. "తీసుకున్నారే! టూరుకి తీసుకున్నారు! అంత దగ్గర్నుంచి అరిచినా ట్రాక్ వదల్లేదు, ఈ అమ్మాయి కావాలి అన్నారు మేడం!" అని, నా బుగ్గలు పట్టుకుంది. "కావాలనే అరిచావు కదూ? నేను నిలబడతానని మేడంకి చూపించడానికి! ఎలా వచ్చిందే నీకీ ఐడియా? నీ బుర్రే బుర్ర!"

జీవితంలో మొదటిసారి నా బుర్రని ఒకరు పొగుడుతున్నారు. కాదని చెప్పి ఆవిడ సంతోషం పాడుచెయ్యడం ధర్మమా? "అబ్బే, దాందేముంది వదినా," అని సిగ్గుపడ్డాను.

వెనకే మావయ్య వచ్చాడు, తడిసిన కండువా పిండుకుంటూ. నా వైపు ఎగాదిగా చూశాడు.

"గొంతు బానే ఉంది గాని గుంటా, లైను అవ్వకండా మద్దిలో కొట్టేస్తారేటే వన్స్ మోర్? రాగం దిగాక కొట్టాల. అదే తెల్దు గాని, నాకు కాపలా వొచ్చీసింది!"