రెండున్నర నుంచి ఐదు వరకు

మేడ్చల్‌లో విలేకరిగా పనిచేసిన ఇరవై ఏళ్లలో, కార్డు మీద అచ్చువేసిన సమయానికి మొదలైన కార్యక్రమం ఒక్కటీ చూడలేదు. శంకుస్థాపన పదింటికని వేస్తే నేను పన్నెండుకు బయల్దేరేవాణ్ని. అప్పటికి ఇంకా షామియానా కడుతూనే ఉండేవారు. శామీర్‌పేట రోడ్డు మీది ఫంక్షన్ హాళ్లలో విందు ఏడింటికని రాస్తే, తొమ్మిదికి గానీ జనం రారు. ముందు పోయి కూర్చున్నవాణ్ని పనిలేనివాడి కింద జమకడతారు. ఈ అలవాటుతోనే ఫ్రాన్స్ వెళ్లాను.

నా భార్య శామీర్‌పేట దగ్గర ఒక మందుల పరిశోధనశాలలో పనిచేసేది. సంస్థ ఆమెను మూడేళ్ల కోసం లియాన్ నగరానికి పంపింది. అప్పుడు పాపకు ఆరేళ్లు, బాబుకు రెండు. పిల్లల్ని చూసుకోవడానికి నేను ఉద్యోగం మానేశాను. ఆమె పొద్దున్నే ట్రామ్ ఎక్కి వెళ్లేది. బాబును తోపుడుబండిలో కూర్చోబెట్టి, పాపను బడి దగ్గర దింపడం నా పని. అక్కడ బుధవారం బడి ఉండదని తెలియక మొదటివారం మూసిన గేటు ముందు నిలబడ్డాం. అటుగా పోతున్న ముసలాయన చెయ్యి ఊపి ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు.

"ఇయ్యాల బడి లేదంట డాడీ. ఇగ పోదాం నడు," అంది పాప.

ముందు సైగల్ని బట్టి, పోనుపోను మాటలూ దానికి అర్థమయ్యేవి గానీ బడిలో నోరు విప్పేది కాదు. నెలల తరబడి అంతే. సాయంత్రం నేను వెళ్లినప్పుడు టీచరు పెదవి విరిచి తల అడ్డంగా ఊపేది. చలికాలం చివర ఒకరోజు పాప, ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చింది. ఇద్దరూ ఏవో గుసగుసలాడుకుంటున్నారు. ఆ సంగతి తన తల్లికి ఫోన్‌లో చెబుతూ నా భార్య సంతోషంతో ఏడ్చేసింది.

ఏప్రిల్‌లో ఆ అమ్మాయి పుట్టినరోజుకు పిలుపు వచ్చింది. చేత్తో రాసిన ఊదారంగు కార్డు. శనివారం, రెండున్నర నుంచి ఐదు వరకు.

"చూసినవా, పోయేటి టైమ్ గూడ రాసిన్రు. తిన్నంక ఎల్లగొట్టెటట్టే ఉన్నరు," అన్నాను నా భార్యతో.

శనివారం పన్నెండుకే పాప పట్టు లంగా వేసుకుని, కానుక ఒళ్లో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది.

"పోదాం డాడీ."

"ఇప్పుడే పోతే ఆళ్లింట్ల నీతోటి చీపురు పట్టిస్తరు."

"రెండున్నర అని రాసింది గద."

"రాస్తరు బిడ్డా. రాసిన టైముకు ఎవ్వలు రారు."

"అందరొస్తరంట. టీచర్ గూడ చెప్పింది."

వంటింట్లోంచి నా భార్య అందుకుంది. "మంత్రి వచ్చేదాంక ఆగనీకి గిది మేడ్చల్ గాదు. పిల్లను జల్ది తోల్కపో."

"నలుగురం పోవాలె గద. ముందుగాల నువ్వు చీర కట్టుకో," అన్నాను. పిలుపు ఇంటిల్లిపాదికీ అనే నా నమ్మకం. బాబు నిద్ర లేచి, పాలు తాగి, మేం బయల్దేరేసరికి నాలుగయింది. ట్రామ్ దిగి ఇల్లు వెతుక్కునేసరికి ఐదుకు పది నిమిషాలుంది.

గేటు ముందు తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. తమ పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు. పిల్లలు తలా ఒక మిఠాయి పొట్లం పట్టుకుని కోట్లు తొడుక్కుంటున్నారు. ముస్తాబై వచ్చిన మా నలుగుర్నీ చూసి ఆ ఇంటావిడ ఒక్క క్షణం ఆగి, ఎంతో మర్యాదగా లోపలికి పిలిచింది. మా పాప కోసం అరగంట ఆగి, ఆ తర్వాతే కొవ్వొత్తులు వెలిగించామని వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పింది. ఎత్తిపెట్టిన కేకు ముక్క తెచ్చింది. పాప ముట్టుకోలేదు. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని రిబ్బన్లు చుట్టుకుంటూ ఉంది, తలెత్తలేదు.

సోమవారం ఇద్దరూ కలిసి గేటు దాకా రాలేదు. నేను క్షమాపణ ఉత్తరం రాసి ఇస్తే ఆవిడ ఫర్వాలేదంది. ఆవిడకు నిజంగానే ఫర్వాలేదేమో. ఆ అమ్మాయికి మాత్రం వేరే జట్టు కుదిరింది. మరుసటి ఏడాది పాపకు భాష బాగానే వచ్చింది, చదువూ వచ్చింది. అక్కడున్నన్నాళ్లూ ఇంటికి ఎవరినీ తీసుకురాలేదు. మళ్లీ ఎవరూ పిలవలేదు.

గడువు తీరాక మేడ్చల్ వచ్చేశాం. ఇప్పుడు దానికి పదకొండేళ్లు. మొన్న ఆదివారం శామీర్‌పేట చెరువు కట్ట మీద ఇద్దరం కాల్చిన మక్క కంకులు తింటూ కూర్చున్నప్పుడు, ఎన్నాళ్లుగానో చెప్పాలనుకున్నది చెప్పాను.

"గా పుట్టినరోజు నాడు నువ్వు చెప్పినా నేను ఇనలే బిడ్డా. లేట్ జేసిన. నాదే తప్పు."

"లేటైతే అయింది తియ్ డాడీ," అంది. కంకి మీది గింజలు ఒలుస్తూ, "గేటు కాడ అందర్ని చూసి నవ్వినవ్ గద నువ్వు. ఎందుకు?" అని అడిగింది.

నవ్వానా? కార్డు రంగు గుర్తుంది, ఆవిడ అన్న మాటలు గుర్తున్నాయి. నవ్వినట్టు మాత్రం గుర్తులేదు. నవ్వే ఉంటాను. సిగ్గేసినప్పుడు ఏం చేయాలో తోచక నవ్వుతానని నా భార్య ఎప్పుడూ అంటుంది.

"యాదికి లేదు బిడ్డా," అన్నాను.

"నేను ఏడుపు ఆపుకుంటున్న. నీకేమో మస్తు మజా ఐతాందనుకున్న."

"గట్ల గాదు," అన్నాను. అది తల ఊపింది గానీ, నా వైపు చూడలేదు.