ఎవరూ చూడని గోల్

మోకాలికి ఆపరేషనై నేను మంచమెక్కగానే, భావనపాడు ఫుట్‌బాల్ జట్టులో నా స్థానాన్ని మా బావ అప్పన్న ఎంతో త్యాగబుద్ధితో ఆక్రమించాడు. కాలు బాగయ్యాక, మా కోచ్ సింహాచలం మావ ఇద్దరికీ పోటీ మ్యాచ్ పెట్టాడు. బాగా ఆడినవాడే ఆదివారం టోర్నమెంటులో దిగుతాడు.

సముద్రపు ఒడ్డున ఆట. చివర్లో బంతి నాకు దొరికింది. పరుగెత్తాను. ఒక్కడూ అడ్డు రాలేదు. నన్ను చూసి హడలిపోయారనుకున్నాను. గోల్‌కీపర్ కూడా మర్యాదగా తప్పుకున్నాడు. గోల్ కొట్టి, చప్పట్ల కోసం వెనక్కి తిరిగాను.

మైదానంలో ఎవరూ లేరు. ఊరంతా కలిసి ఒడ్డు నుంచి లాగే అలివి వల ఒడ్డుకొస్తోంది. వలొస్తే ఒడ్డునున్నవాడెవడైనా తాడు పట్టాల్సిందే, అది మా ఊరి కట్టుబాటు. కోచ్‌తో సహా రెండు జట్లూ తాళ్లు లాగుతున్నాయి.

"గోల్ కొట్టాను మావా."

"అలాగేటి. ముందు తాడు పట్టు."

ఒళ్లు మండి, మడమలు ఇసుకలో దించి లాగాను. కవళ్ల చేపలతో బరువెక్కిన వల ఒడ్డెక్కాక మావ నా మోకాలి వంక చూశాడు.

"ఇంత బరువుకీ బెసకనేదు. ఆదివారం నువ్వే దిగు."

"నానూ లాగినాను కదా," అన్నాడు అప్పన్న.

"నువ్వెక్కడ లాగినావురా, తాడే నిన్ను లాగినాది."

నా గోల్‌కు ఇప్పటికీ నేనొక్కణ్నే సాక్షి. జట్టులో చోటు మాత్రం కవళ్ల చేపలు ఇప్పించాయి.