పలకకూడని నీళ్ళు

హోసూరు ల్యాబులో మా సీనియర్ మేడమ్ తలపుకొస్తే ముందు ఆమె నీళ్ళ ట్యూబే గుర్తొస్తుంది. బాదం పాలలో వేరే గింజ కలిసిందేమో డీఎన్ఏ పరీక్షలో చూసేటప్పుడు, పాల ట్యూబు పక్కన వట్టి నీళ్ళ ట్యూబు ఒకటి పెట్టనిదే ఆమె మిషన్ మూత వేయనిచ్చేది కాదు. నీళ్ళలోనూ గింజ కనిపించిందంటే తప్పు మన చేతుల్లో ఉన్నట్టే.

"నీళ్ళు నోరు మూసుకొనుంటేనే పాలు చెప్పేది నమ్మాల" అనేది.

నాకది చాదస్తంగా తోచేది. ఒకసారి, బాదం తప్ప ఇంకేమీ లేదని అచ్చేసిన సీసాలో వేరుశనగ బయటపడింది. దొంగ దొరికాడని నేను రిపోర్టు రాయబోతే, ఆమె నీళ్ళ ఫలితం చూపించింది. అందులోనూ వేరుశనగే!

"మధ్యాహ్నం ఏం తినొచ్చినావమ్మా?"

కల్లావి నుంచి మా అమ్మ పంపిన ఉడకబెట్టిన చెనిక్కాయలు. ఒలిచిన చేతులతోనే, గ్లౌజులు వేసుకోకముందే ట్యూబులు సర్దాను. ఆమె తిట్టలేదు. చేతులు కడిగించి, కోటు మార్పించి, అదే కంపెనీ పాలది కొత్త సీసా తెరిపించింది. ఈసారి నీళ్ళు పలకలేదు. పాలు మాత్రం మళ్ళీ వేరుశనగనే చూపించాయి.

మర్నాడు ఆ పాల కంపెనీ యజమాని వచ్చి, "మీ మిషన్ తప్పు చెప్తా ఉంది మేడమ్" అని నిలబడే అరిచాడు. నేను దాచేద్దామనుకున్న మొదటి పరీక్ష కాగితాన్ని ఆమే తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మా తప్పప్పా. మా పిల్ల చేతికంటిన చెనిక్కాయ." పక్కన రెండోది పరిచింది. "ఇది మీది. చెనిక్కాయ పడని బిడ్డ ఎవరన్నా తాగింటే?"

అతను రెండు కాగితాలూ చూశాడు. ఎవరూ చెప్పకుండానే కూర్చున్నాడు.